పరిమళ దీపం ఆలస్యంగా పెట్టిన రోజు

మద్రాసు చింతాద్రిపేటలో మధ్యాహ్నం మూడింటికి ఊరంతా కాసేపు కాళ్ళు చాపుకుంటుంది. చేపల మార్కెట్టు కడిగేసి ఉంటారు. మోటారు సామాన్ల కొట్లలో పనివాళ్ళు టైర్ల మీదే తల వాల్చి ఉంటారు. పక్కనే పారే కూవం ఏరు ఒక్కటే నిద్రపోదు. గాలి ఇటు తిరిగిందంటే తన కంపుతో తాను మేలుకునే ఉన్నానని ఇంటింటికీ చెప్పి పోతుంది. ఒకప్పుడు ఈ పేటంతా మగ్గాల చప్పుడేనంటారు. కంపెనీ దొరలు నేతగాళ్ళను తెచ్చి ఇక్కడ కాపురాలు పెట్టించారట. ఆ మగ్గాలు పోయి ఎన్నో తరాలయింది. వాటితో వచ్చిన తెలుగు మాత్రం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది, అరవంతో కలిసి, పాలూ డికాక్షనూ కలిసినట్టు. ఏది ఎంతో చెప్పలేం గాని, రుచి బాగుంటుంది.

అట్లాంటి ఒక ఇంట్లో అలివేలమ్మ ఉండేది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. మధ్యాహ్నం పెరుగన్నం తిని, గోడవైపు తిరిగి పడుకునేది. లేచేసరికి పద్నాలుగేళ్ళ పిల్ల. జుట్టు నల్లగా నడుందాకా ఉండేది, పళ్ళన్నీ వచ్చేసి ఉండేవి. కళ్ళజోడు దిండు కిందే వదిలేసి, కొక్కేనికున్న పావడ దావణి కట్టుకుని, వంటింటి గడప మీద నిలబడి, "ఏమే పరిమళా, తినేదానికి ఏముండాది?" అని కోడల్ని అడిగేది. సాయంత్రం ఆరింటికి పరిమళ దీపం పెట్టగానే మళ్ళీ ఎనభై ఒక్కేళ్ళ మనిషి.

ఈ సంగతి పేటలో అందరికీ తెలుసు గనక ఎవరూ మాట్లాడుకోరు. డాక్టరు బీపీ మాత్రలు పొద్దున ఒకటి, దీపం పెట్టాక ఒకటి రాసిచ్చాడు. వీధి చివర పూలమ్మే అమ్మాసి, మధ్యాహ్నం పూట అలివేలు వస్తే జానెడు మల్లెపూలు ఎక్కువే కోసి ఇచ్చేది. భర్త పోయిన అలివేలమ్మ పూలు పెట్టుకోవడం మానేసి చాలా కాలమైంది గాని, పద్నాలుగేళ్ళ పిల్లకి పూలు వద్దని ఎవరంటారు? ఇబ్బంది పడేది కొడుకు త్యాగరాజు ఒక్కడే. పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, నెత్తిన వెంట్రుకలు లేవు. పావడ కట్టిన పిల్ల వచ్చి "అరేయ్ త్యాగూ, పోయి ఐస్ తీసుకోని రా" అంటే ఏ ముఖంతో పోవాలి? అందుకని ఆయన మూడు కాకముందే పార్కుకి వెళ్ళిపోయి, దీపం వేళకి ఇల్లు చేరేవాడు.

దీపం గురించి ఒక మాట చెప్పాలి. పరిమళ కోడలిగా వచ్చిన మొదటి వారంలో అలివేలమ్మ ఆమెకి నేర్పిన పని అది. "సరిగ్గా ఆరు. వేళ తప్పితే ఇంట్లో ఆడదానికి కుదురుండదు" అని చెప్పింది. అప్పుడు రేడియోలో టైము విని పెట్టేది, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో అలారం మోగుతుంది. కూవం పొంగి ఇంట్లోకి వచ్చిన ఏడు, మంచం మీద కుర్చీ వేసి, కుర్చీ మీద పళ్ళెం పెట్టి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వెలిగించింది. ఆమె పెళ్ళికి కట్టిన చీర ఆ వరదలోనే పోయింది. దాని గురించి అంతగా బాధపడలేదు. దీపం ఆరుకే పెట్టానని మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇక వైదేహి. పరిమళ కూతురు, ముప్పై మూడేళ్ళది, పదమూడు నుంచి పదిహేడేళ్ళ పిల్లల కోసం తెలుగులో నవలలు రాసేది. మద్రాసులో కూర్చుని తెలుగులో, అదీ ఆ వయసు పిల్లలకి రాయడమేమిటని చుట్టాలు నవ్వారు. ఈ వయసు పిల్లలకి బొమ్మల పుస్తకాలు ఇస్తే సిగ్గు, పెద్దల పుస్తకాలు ఇస్తే ఆవులింత. మధ్యలో వాళ్ళకని రాసేవాళ్ళు తక్కువ. చెప్పులు కొనేటప్పుడు చూడండి, ఆ వయసు కాలికి ఏ కొట్లోనూ సరైన సైజు దొరకదు. ఇదీ అంతే.

వైదేహి పని చేసే తీరు ఇట్లా ఉండేది. రాసింది పట్టుకుని మేడ మీదకి పోయేది. నీళ్ళ ట్యాంకు నీడలో తాను కూర్చునేది. పిట్టగోడ మీద కాళ్ళు వేలాడేసుకుని, జామకాయకి ఉప్పూ కారం అద్దుకుని తింటూ పద్నాలుగేళ్ళ అలివేలు వినేది. బాగుంటే కాళ్ళు ఊగడం ఆగిపోయేది. బాగాలేకపోతే చెప్పకుండా లేచి, పక్కింటి మేడ మీద తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లల దగ్గరికి పోయేది. ఆమె లేచిపోయిన చోట వైదేహి పెన్సిలుతో గీత గీసి, ఆ రాత్రే దాన్ని కొట్టేసి మళ్ళీ రాసేది. జీతమిచ్చి పెట్టుకున్న సంపాదకుడు కూడా అంత నిజాయితీగా లేచిపోడు.

ఒకటే చిక్కు. పద్నాలుగేళ్ళ అలివేలుకి మనుషులు గుర్తుంటారు, నిన్న విన్న కథ గుర్తుండదు. పొద్దున కాఫీ తాగుతూ ఎనభై ఒక్కేళ్ళ అలివేలమ్మ "ఆ పిల్ల కథ బాగుండాదే" అనేది. మధ్యాహ్నం లేచాక మాత్రం మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవాల్సిందే.

వైదేహి మొదటి నవల చేపల ఆటో తోలే ఒక పిల్ల గురించి. సన్నటి పుస్తకం. పెరంబూరులో చిన్న ప్రచురణ సంస్థ నడిపే ప్రేమ్‌నాథ్ అచ్చువేశాడు. స్కూళ్ళలో పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదివారు. నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి కూడా అడిగారు. దాంతో వైదేహికి ధైర్యం వచ్చింది. రెండో పుస్తకం కొంచెం లావైంది. మూడోది ఇంకొంచెం. నాలుగోది చేతిలో పట్టుకుంటే పుస్తకం అనిపించింది. ఒక్కొక్కటీ ముందుదానికంటే తక్కువ పోయింది. నాలుగోది కట్టలు విప్పకుండానే స్కూళ్ళ నుంచి వెనక్కి వచ్చింది.

ప్రేమ్‌నాథ్ మంచి మనిషి. ఆదివారం చర్చినుంచి నేరుగా వచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టాక గాని అసలు మాట చెప్పలేదు.

"అమ్మా వైదేహీ, ఐదోది ఇయ్యి, చదువుతా. కానీ ఇదీ అట్లే ఉంటే నేను వెయ్యలేనమ్మా. పిల్లల పుస్తకాలు ఆపేసి గైడ్లు వేసుకుంటా."

"అట్లే అంటే ఎట్లా అన్నా?"

"అది తెలిస్తే నేనే రాసేవాణ్ణి గదా."

ఆ వారమే పాత మహాబలిపురం రోడ్డులో ఫోన్లలో పాఠాలు అమ్మే ఒక కంపెనీ, వైదేహిని ఉద్యోగానికి రమ్మంది. పొద్దున బస్సు, రాత్రి బస్సు, మధ్యలో పాఠాలు. చేరితే మూడింటికి మేడ ఎక్కడం ఉండదు, నవలలూ ఉండవు. వచ్చే సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు.

శుక్రవారం పెరంబూరు దగ్గర ఒక స్కూల్లో పిల్లలతో ముచ్చటకి పిలిస్తే, పోదామా వద్దా అనుకుంటూనే పోయింది. తొమ్మిదో తరగతి పిల్ల, పేరు వర్షిణి, వెనక బెంచీలోంచి లేచింది.

"మిస్, మీ బుక్స్‌లో చివర ఎవరు రాస్తారు?"

"నేనే. ఎందుకలా అడిగావు?"

"లేదు మిస్, చుమ్మా, ఊరికే అడిగాను. ముందంతా మా క్లాసు పిల్ల చెప్పినట్టు ఉంటుంది. చివర వచ్చేసరికి మా పెద్దమ్మ వచ్చేస్తుంది."

క్లాసంతా నవ్వింది. వైదేహి కూడా నవ్వింది గాని, రైల్లో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ పెద్దమ్మ ఎదురు సీట్లో కూర్చునే ఉంది. ఇంటికొచ్చి నాలుగు నవలల పాత కాగితాలూ తీసి నేలమీద పరిచింది. ప్రతి అధ్యాయంలోనూ పెన్సిలు గీతలున్నాయి. రెండో నవల నుంచీ చివరి అధ్యాయాల్లో మాత్రం ఒక్క గీతా లేదు.

"చివర్లు అన్నీ బాగున్నాయనేగా దీనర్థం? అవ్వ ఒక్కసారి కూడా లేచిపోలేదు" అని పైకే అనుకుంది వైదేహి.

పార్కునుంచి అప్పుడే వచ్చిన త్యాగరాజు కాళ్ళు కడుక్కుంటూ విన్నాడు.

"ఎట్లా లేచిపోతుందే? మోకాళ్ళ నొప్పులు గదా."

"ఎవరికి?"

"మా అమ్మకి. నువ్వు చివరి అధ్యాయం చదివేటప్పుడు నేను ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాను. నేనొచ్చేది దీపం పెట్టినాక. నువ్వు కిందికి వచ్చి, ఈ హాల్లో కూర్చోని, మిగిలింది మా అమ్మకి చదువుతావు. 'పిల్ల బుద్ధిగా ఇంటికి వచ్చేసింది, మంచిది' అంటుంది. నువ్వు కాగితాలు మడిచేస్తావు."

ఆయన తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని లోపలికి పోయాడు. అంత పెద్ద మాట చెప్పానని ఆయనకి తెలియదు. వైదేహి మొదటి నవల తీసి చూసింది. సన్నటిది. దీపానికి ముందే మేడ మీదే అయిపోయింది. దాని చివరి అధ్యాయంలో పదకొండు గీతలున్నాయి.

శనివారం మధ్యాహ్నం వైదేహి ఉపాయం వేసింది. ఐదో నవల చివరి అధ్యాయం ముందు చదవబోయింది. అలివేలు జామకాయ దించింది.

"ఇది మొదలా?"

"కాదు, చివర."

"చివర ముందే చెప్తే మిగతాది ఎవరు వింటారు? నీకు కథ చెప్పేది రాదా ఏంది?"

సరేనని మొదటినుంచీ వేగంగా చదివింది. "రైలు తోలతా ఉండావా?" అంది అలివేలు. మధ్యలో రెండు పేజీలు దాటేస్తే, "ఇప్పుడు దాకా ఆ పిల్ల షెడ్డు బయట ఉండింది, లోపలికి ఎప్పుడు పోయింది?" అని పట్టేసింది. ఆఖరి అధ్యాయం మొదలుపెట్టేలోపల కింద అలారం మోగింది. పిట్టగోడ మీదున్న మనిషి మెల్లగా నడుం పట్టుకుని, "దించవే నన్ను, ఈడికి ఎవరెక్కించినారు" అంది.

రాత్రి వైదేహి వంటింట్లోకి పోయింది.

"అమ్మా, రేపు దీపం కొంచెం ఆలస్యంగా పెడతావా?"

"ఎంత?"

"ఒక అధ్యాయం."

పరిమళ దోసెల పెనం మీంచి కళ్ళు తీయలేదు.

"మీ అవ్వ నా వంటకి వంక పెట్టింది. నా ముగ్గుకి వంక పెట్టింది. నా నడకకి కూడా పెట్టింది. ఈ దీపం ఒక్కదానికే పెట్టలేదు. దాన్నీ చెడగొట్టమంటావా?"

"ఒక్కరోజే."

"పెట్టకపోతే ఆమె అట్లే ఉండిపోతే? ఈ వయసులో నేను పద్నాలుగేళ్ళ అత్తని పెంచాలా? పెంచి, చదివించి, పెళ్ళి చేసి పంపించాలా?"

హాల్లోంచి త్యాగరాజు, "కన్యాదానం నేను చేయను, ఇప్పుడే చెప్తా ఉండా" అన్నాడు.

వైదేహి పళ్ళెం ముందుకి లాక్కుంది. దోసె తిని, సోమవారం నుంచి ఆ ఉద్యోగానికి వేసుకోవడానికి రెండు చుడీదార్లు ఇస్త్రీ చేసుకుంది. అది చూసి పరిమళ మిగిలిన దోసెలు మూడూ మాడ్చేసింది. ఆమె ఎప్పుడూ దోసె మాడ్చే మనిషి కాదు.

ఆదివారం మూడింటికి మళ్ళీ మొదటి పేజీ. ఐదో నవల కథ ఇది. పెరంబూరు క్వార్టర్సులో జెబ అనే పిల్ల ఉంటుంది. వాళ్ళ నాన్న కొత్త రైలు పెట్టెలకి రంగు వేస్తాడు. ఊళ్ళు తిరిగే పెట్టెలన్నిటికీ రంగు వేసే ఇంట్లో ఎవరూ ఏ ఊరూ పోలేదు. ఒకరోజు జెబ కొత్త పెట్టెలో దాక్కుంటుంది. దాన్ని పరీక్షకని ఇంజనుకి తగిలించి తీసుకుపోతారు. బండి కదులుతుంది.

ఆ బండి కదిలేసరికి ఐదున్నర. పరిమళ వడియాలు తీయడానికి మేడ మీదకి వచ్చింది. వడియాలు గుడ్డలోకి ఎత్తుతూ, ఒక చెవి ఇటు వేసింది. ఆమె కథలు వినే మనిషి కాదు. కూతురు రాసిన నాలుగు పుస్తకాలూ పసుపు రాసి పూజగదిలో పెట్టింది గాని తెరవలేదు. జెబ పెట్టె కిటికీలోంచి మొదటిసారి ఊరు లేని చోటు చూసిన దగ్గర పరిమళ మెట్టు మీద కూర్చుంది. వడియాల మూట ఒళ్ళో ఉంది. నడుముకి అగ్గిపెట్టె దోపుకుని ఉంది.

అలారం మోగింది. వైదేహి చదవడం ఆపింది. పిట్టగోడ మీద ఊగని కాళ్ళు, కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు. పరిమళ ఫోను తీసి చూసింది. ఏదో ఒక బటన్ నొక్కింది, అది ఆగలేదు. ఇంకోటి నొక్కింది, ఆగింది.

"చదువు" అంది. "ఆ పిల్ల దిగిందా లేదా?"

వైదేహి చివరి అధ్యాయం చదివింది. బండి ఏదో చిన్న స్టేషన్లో ఆగుతుంది. గార్డు జెబని చూస్తాడు. మజ్జిగ ఇస్తాడు, మంచిమాటలు చెప్తాడు, చెయ్యి పట్టుకుని దించి, తిరుగు బండిలో ఇంటికి తీసుకొచ్చి వాళ్ళ నాన్నకి అప్పజెప్తాడు. అందరూ సంతోషిస్తారు.

మజ్జిగ దగ్గరే అలివేలు గోడ దిగింది. 'చెయ్యి పట్టుకుని' అన్నచోట మెట్ల వైపు నడిచింది. వైదేహి గీత గీసి, "ఆగు అవ్వా. ఎందుకు పోతా ఉండావు?" అంది.

"కథ అయిపోయింది గదా, ఆ గార్డాయన వచ్చినప్పుడే."

"ఇంకా ఉంది."

"ఉంటే ఏంది? చెయ్యి పట్టుకోని ఇంటికి తెచ్చేది ఒక కథా? నన్ను అట్లే తెచ్చినారు, మా మామ వచ్చి. లెక్కల క్లాసు. బోర్డు మీద లెక్క సగంలో ఉండింది. మెడలో మాలేసి పెళ్ళి పీటల మీద కూర్చోబెట్టినారు." ఆమె జామకాయ ముచ్చిక కింద వీధిలోకి విసిరేసింది. "ఈ పిల్ల దిగదు. బండి యాడిదాకా పోతుందో చూడాలి గదా. చూసి, తనే టిక్కెట్టు కొనుక్కోని, తనే వస్తుంది. వాళ్ళ నాయన గేటు దగ్గర నిలబడి ఉంటాడు, అంతే. ఎవరూ తీసుకోని రాకూడదు."

"తిడతారు గదా ఇంట్లో?"

"తిట్టనీ. పోయి వచ్చింది గదా."

మెట్టు మీదనుంచి పరిమళ, "తిరిగి వస్తుంది గదా?" అని అడిగింది.

"వస్తుంది లేవే. ఆకలెయ్యదా?"

వైదేహి ఆ చీకటి పడే వెలుతురులో అక్కడే కాగితాల వెనక వైపు రాసింది. అలివేలు పక్కన కూర్చుని, అది కాదు, ఇది కాదు అంటూ, రెండుసార్లు లేచిపోయి మళ్ళీ వచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళలో లైట్లు వెలిగాయి. చివరి వాక్యం రాశాక గాని పరిమళ లేవలేదు. కిందికి పోయి, ఒత్తి సరిచేసి, దీపం పెట్టింది.

కాసేపటికి అలివేలమ్మ మెట్లు ఒక్కొక్కటే దిగి, మంచం మీద కూర్చుని, దిండు కింద కళ్ళజోడు వెతుక్కుంది.

"ఈ రోజు ఆలస్యమైనట్టుండాదే."

"అవునత్తమ్మా. అగ్గిపెట్టె కనపళ్ళేదు."

"నడుముకే ఉండింది గదా" అంది అలివేలమ్మ. కళ్ళజోడు పెట్టుకుని కోడల్ని చాలాసేపు చూసింది. వంక మాత్రం పెట్టలేదు.

సోమవారం పొద్దున వైదేహి ఆ కంపెనీకి ఫోను చేసి రానని చెప్పింది. నిజానికి ప్రేమ్‌నాథ్ ఇంకా ఒక్క పేజీ చదవలేదు. అట్లా చెప్పడం తెలివైన పని కాదు. అయినా ఇస్త్రీ చేసిన చుడీదారు ఒకటి వేసుకుని కాగితాలు పట్టుకుని పెరంబూరు పోయింది. ప్రేమ్‌నాథ్ కొట్టు తలుపు సగం దించుకుని చదవడం మొదలుపెట్టాడు. భార్య లూర్దుమేరి భోజనానికి రెండుసార్లు పిలిచి, మూడోసారి గరిటెతో వచ్చింది. "ఉండు, ఆ పిల్ల ఇంకా బండిలోనే ఉండాది" అన్నాడు. ఆ మాటతోనే పుస్తకం అచ్చుకి పోయింది.

స్కూళ్ళు తెరిచే నెలలో అది బయటికొచ్చింది. కట్టలు వెనక్కి రాలేదు, ఇంకా పంపమని మనుషులు వచ్చారు. ఆ స్కూలు వర్షిణి పుస్తకం మీద సంతకం చేయించుకుంటూ, "మిస్, ఈసారి చివర మీరే రాశారు" అంది.

"నేను కాదు. నీ ఈడుదే ఒకమ్మాయి."

"తెలుస్తా ఉంది మిస్" అంది వర్షిణి.

పుస్తకం ఇంటికి వచ్చిన రోజు అలివేలు మధ్యాహ్నం రెండు కాకముందే లేచింది. వైదేహి దాన్ని మేడ మీద మొదటినుంచీ చదివింది. ఇప్పుడు అది కొత్త కథే అలివేలుకి. చివరిదాకా కాళ్ళు ఊగలేదు. అయిపోయాక కిందికి వచ్చి, చెప్పులేసుకుని, పరిమళ ముందు చెయ్యి చాపింది.

"టిక్కెట్టుకి చిల్లర ఇయ్యి. స్టేషనుకి పోతా ఉండా. ఆ బండి యాడిదాకా పోతుందో చూసి వస్తా."

మన పేట స్టేషను స్తంభాల మీద కట్టిన మేడమీద స్టేషను. పుట్టినప్పటినుంచీ ఈ పేటలో ఉన్నవాళ్ళు కూడా దాని కింద నడిచిపోయేవాళ్ళే ఎక్కువ. ఆ రోజు తొందరగా ఇంటికి వచ్చేసిన త్యాగరాజు చొక్కా తొడుక్కున్నాడు.

"నేను తోడు వస్తానమ్మా."

"నువ్వొద్దురా త్యాగూ. ఇంట్లో ఉండు బుద్ధిగా."

పరిమళ చిల్లర ఇచ్చింది. జడ కుచ్చులు సరిచేసి, "వీధిలో పరిగెత్తకండి అత్తమ్మా" అంది. అలివేలు అప్పటికే పరిగెత్తుతోంది.

ఆరైంది. అలారం మోగలేదు; పరిమళే తీసేసింది. ఒత్తి వేసి, నూనె పోసి, అగ్గిపెట్టె నడుముకి దోపుకుని, గేటు దగ్గర నిలబడింది. తాను ఇక్కడ దీపం పెడితే, అక్కడ కదిలే బండిలో, కళ్ళజోడు లేని ముసలామె ఒంటరిగా కూర్చుని ఉంటుంది. వీధిలో అన్ని ఇళ్ళకీ దీపాలు వచ్చాయి. ఈ ఇల్లొక్కటే చీకటి. త్యాగరాజు లోపల అటూ ఇటూ తిరుగుతూ, కుర్చీకి తగులుకుని, కుర్చీని తిట్టాడు. పూలబుట్ట సర్దుకుని ఇంటికి పోతున్న అమ్మాసి ఆగింది.

"ఏందమ్మా, మీ ఇంట్లో ఇంకా దీపం పెట్టలేదా?"

"మా పిల్ల ఇంకా ఇల్లు చేరలేదు" అంది పరిమళ.

అమ్మాసి తలాడించి, బుట్ట దించి, తనూ నిలబడింది.

ఏడు దాటాక వీధి మలుపులో పావడ కనిపించింది. పరిగెత్తడం లేదు, నిదానంగా, అటూ ఇటూ చూసుకుంటూ, పోయి వచ్చిన వాళ్ళు నడిచే నడక. చేతిలో సగం తిన్న మొక్కజొన్న కంకి.

"వేళచ్చేరి దాకా పోతుంది" అని గేటు దగ్గరికి రాకముందే చెప్పింది అలివేలు. "ఒక చోట సముద్రం కనపడుతుంది, కొంచమే. అందరూ ఫోను చూసుకుంటా ఉండారు, నేనే చూసినా. ఏమే, ఇంకా దీపం పెట్టలేదా? ఆరు ఎప్పుడో అయిపోయింది."

"మీరు రావాలి గదా అత్తమ్మా."

అలివేలు కంకి కోడలి చేతిలో పెట్టి, ఆమె నడుముకున్న అగ్గిపెట్టె తీసుకుంది.

"తే, నేనే పెడతా" అంటూ లోపలికి పోయింది.

పరిమళ గుమ్మంలోనే ఉండిపోయింది. మొదటి పుల్ల విరిగిన చప్పుడు, రెండో పుల్ల గీసిన చప్పుడు వినిపించాయి. వెలుతురు హాల్లోకి వచ్చింది. లోపల్నుంచి ఎనభై ఒక్కేళ్ళ గొంతు పలికింది.

"ఆ కంకి తినేయబాకే. ఇంకా సగం ఉండాది."